సున్నా మీద ముల్లు

డాలస్ నుంచి ఆస్టిన్ వెళ్తున్నాం. ఐ-35 మీద వాక్సహాచీ దాటామో లేదో, వెనక సీట్లోంచి మా అబ్బాయి "నాన్నా, ఆ ముల్లు ఎందుకు పడిపోయింది?" అన్నాడు. చూద్దును కదా, ఎప్పుడూ మధ్యలో నిలకడగా ఉండే ఆయిల్ ప్రెషర్ ముల్లు సున్నా మీదుంది! పక్కనే ఎర్ర దీపం. ఇంజను చప్పుడులో మాత్రం తేడా లేదు.

"నడుస్తోంది కదా, తర్వాతి ఎగ్జిట్‌లో చూపిద్దాం" అంది మా ఆవిడ. నాకూ అలాగే అనిపించింది. కానీ ఈ ఒక్క దీపం విషయంలో ఆ ధైర్యం పనికిరాదు. ఇంజను లోపల క్రాంక్‌షాఫ్టుకీ బేరింగులకీ మధ్య పలుచని ఆయిల్ పొర ఉంటుంది. అక్కడికి ఆయిల్ అందేది పంపు ఇచ్చే ఒత్తిడితోనే. ఆ ఒత్తిడి నిజంగా పోతే ఇనుముకి ఇనుము రాసుకుని కొద్ది నిమిషాల్లోనే ఇంజను పట్టేస్తుంది. షోల్డరు మీదికి తీసి ఇంజను ఆపేశాను.

డిప్‌స్టిక్ తీసి చూస్తే ఆయిల్ నిండుగానే ఉంది. "అయితే ఫరవాలేదుగా?" అన్నాడు వాడు. అలా చెప్పలేం. హైదరాబాదులో తాతగారింట్లో సంపు నిండా నీళ్ళున్నా, మోటారు పాడైతే మేడ మీద టాంకుకి ఎక్కవు. ఇంజను అడుగున ఆయిల్ ఉండే చోటునీ సంపు అనే అంటారు. ఆ పోలికతో వాడికి సంగతి ఇట్టే అర్థమైంది. ప్రయాణం మానుకుని కారుని టో చేయించాం.

మొదట చూపించిన షాపులో కంప్యూటరు తగిలించి, "ఆయిల్ పంపు పోయింది, ఇంజను కింద భాగం విప్పాలి" అన్నారు. ఎస్టిమేటు చూస్తే కళ్ళు తిరిగాయి. "ప్రెషర్ కొలిచారా?" అంటే "కోడ్ వచ్చిందిగా" అన్నారు. ఆ కోడ్ పి0522. దాని అర్థం ఆయిల్ ఒత్తిడి తగ్గిందని కాదు, సెన్సారు సర్క్యూట్‌లో వోల్టేజి తక్కువగా ఉందని. ఒత్తిడే తక్కువని చెప్పే కోడ్ వేరే ఉంది, పి0524. బీపీ మిషను సున్నా చూపిస్తే మనిషి పోయాడనుకుంటామా? ఇంకో మిషను పెట్టి చూస్తాం.

ఇక్కడ ఆ ఇంకో మిషను మెకానికల్ గేజి. దానికి కరెంటుతో, కంప్యూటరుతో పనిలేదు. చాలా ఆటోపార్ట్స్ షాపులు డిపాజిట్ తీసుకుని అరువిస్తాయి. కారు ఇంటికి తెప్పించుకుని, శనివారం పొద్దున్నే నేనూ మా అబ్బాయీ డ్రైవ్‌వేలో పనిలోకి దిగాం. ఆయిల్ ఫిల్టరు దగ్గరున్న సెన్సారు ప్లగ్గు లాగగానే సగం జవాబు దొరికింది. ప్లగ్గు లోపలంతా ఆయిల్! సెన్సారు లోపల చిట్లి, ఆయిల్ వైర్ల దాకా వచ్చేసింది. ఇంజను స్టార్ట్ చెయ్యకుండా తాళం మాత్రం తిప్పి మల్టీమీటరు పెట్టి చూశాం. సెన్సారుకి అందాల్సిన 5 వోల్టులు అందుతున్నాయి, గ్రౌండూ బాగానే ఉంది. (మా కారుది మూడు వైర్ల సెన్సారు. ఒకే వైరున్న పాతరకానికి ఈ పరీక్ష పనికిరాదు.)

అయినా అనుమానం పూర్తిగా తీరాలంటే కొలవాల్సిందే. సెన్సారు విప్పి అదే రంధ్రంలో గేజి బిగించాం. కొద్ది సెకన్లలో ముల్లు లేవకపోతే వెంటనే ఆపెయ్యాలని ముందే అనుకున్నాం. స్టార్ట్ చేశాను.

"అరవై!" అని అరిచాడు. ఇరవై దాటితే ఇంగ్లీషులోకి దిగిపోయేవాడు ఆ రోజు తెలుగులోనే లెక్క చెప్పాడు. చల్లటి ఆయిల్ చిక్కగా ఉంటుంది కాబట్టి మొదట ఎక్కువే చూపిస్తుంది. అసలు పరీక్ష వేడెక్కాక. ఇరవై నిమిషాల తర్వాత ఐడిల్‌లో 22, 2000 ఆర్‌పీఎం దగ్గర 41 పీఎస్ఐ. వెయ్యి ఆర్‌పీఎంకి 10 పీఎస్ఐ ఉండాలన్నది పాతకాలపు మెకానిక్కుల లెక్క. మీ కారు సర్వీస్ మాన్యువల్లో ఏ అంకె ఉంటే అదే నమ్మండి. మా పంపు నిక్షేపంలా ఉంది. గేజి కూడా తక్కువే చూపించి ఉంటే మాత్రం పంపో, మూసుకుపోయిన జల్లెడో, అరిగిన బేరింగులో వెతుక్కోవాల్సి వచ్చేది.

కొత్త సెన్సారు బిగించడం పావుగంట పని. ప్లగ్గులో ఆయిల్ శుభ్రంగా తుడిచి, కోడ్ చెరిపేశాక ముల్లు మళ్ళీ మధ్యకొచ్చింది. అది మధ్యలో ఇరుక్కుపోయినా ప్రమాదమే సుమా, నిజంగా ఒత్తిడి పోయిన రోజు తెలియదు. మా కారులో తాళం తిప్పి, ఇంజను స్టార్ట్ చెయ్యకముందు ముల్లు సున్నా మీద ఉండాలి. అది చూసి చెప్పడం ఇప్పుడు మా అబ్బాయి డ్యూటీ. పాత సెన్సారు వాడి టేబుల్ సొరుగులో ఉంది.