చిన్న సరకు లారీలు: వెల, రూపము, ఇంధన వ్యయము

టమాట కోతకు వచ్చిన దినములలో రైతునకు పొలముకంటె దారియే యెక్కువ చింత కలిగించును. తెల్లవారుజామున నాలుగు గంటలకు రావలసిన బాడుగ బండి ఆరు గంటలకు వచ్చినచో, సరకు మార్కెట్టు చేరునప్పటికి వేలము సగము ముగిసియుండును. నాలుగు మాసముల కష్టము రెండు గంటల యాలస్యమున కరగిపోవును. ఇట్టి నష్టము ఒక ఋతువున నాలుగైదు మారులు కలిగినంతనే "మనకే యొక చిన్న లారీ యుండిన నెంత బాగుండును" అను తలంపు పుట్టుట సహజము.

ఆ తలంపుతో దుకాణమునకు పోయిన రైతునకు మూడు మాటలు వినవచ్చును. ఒకడు "మా బండి వెల తక్కువ" యనును. మరియొకడు "మా బండి చూడ ముచ్చటగా నుండును, బలమైనది" యనును. వేరొకడు "మాది లీటరున కెక్కువ దూరము పోవును" అనును. ముగ్గురి మాటలలోను కొంత నిజము గలదు. అయితే ఆ నిజము మన పంటకును, మన దారికిని ఎంతవరకు సరిపోవునో మనమే లెక్క వేసికొనవలెను. ఆ లెక్క యెట్లు వేయవలెనో సభ్యులకు విశదపరచుటయే యీ వ్యాసముయొక్క యుద్దేశము. ఏ కంపెనీ పక్షమునను వ్రాసినది కాదు.

పోటీ పడుచున్న బండ్లు

మన దేశమున నీ తరగతి బండ్లకు మార్గము చూపినది 2005 సంవత్సరమున టాటావారు విడుదల చేసిన ఏస్. "ఛోటా హాథీ" యని జనులు ముద్దుగా పిలిచిన బండి యిదియే. దానికి రెండు సిలిండర్ల 702 సీసీ డీజిలు ఇంజను, 16 అశ్వబలముల శక్తి. మోయు భారము 750 కిలోలు. నాటి వెల సుమారు 2 లక్షల 25 వేల రూపాయలు. అంతకుముందు మూడు చక్రముల ఆటోకును పెద్ద లారీకిని నడుమ రైతునకు తగిన బండి యరుదుగా నుండెను. ఆ కొరతను కనిపెట్టుటయే దాని విజయమునకు కారణము.

పిదప పోటీ పెరిగినది. 2011లో అశోక్ లేలాండువారు జపాను దేశపు నిస్సాన్ కంపెనీతో కలిసి దోస్త్ అను బండిని తెచ్చిరి. అది ఒకటింబావు టన్ను మోయును. 2015లో మహీంద్రావారు జీతో అను చిన్న బండిని తెలంగాణములోని జహీరాబాదు కర్మాగారమున తయారుచేసి విడుదల చేసిరి. 2016లో మారుతీవారు సూపర్ క్యారీతో నీ రంగమున ప్రవేశించిరి. వీనికంటె పెద్దదియు, ముందు భాగమున బానెట్టు గలదియు నగు మహీంద్రా బొలేరో పికప్ మన పల్లెలలో చిరపరిచితమే. 2021 జనవరిలో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వము ఇంటింటికి రేషను బియ్యము చేర్చుటకై 9,260 చిన్న బండ్లను బయలుదేరదీసినది. ఆ యేర్పాటు 2025 జూనునుండి నిలిచిపోయినను, ఇరుకు వీథులలో నీ బండ్లు తిరుగగల తీరును మన ఊళ్లవారందరు చూచియే యున్నారు.

వెల

దుకాణమున చెప్పు వెల వేరు, బండి రోడ్డు మీదికి వచ్చునప్పటి వెల వేరు. రిజిస్ట్రేషను, భీమా, తొట్టికి కట్టించు ఇనుప చట్రము, టార్పాలిను మొదలగునవి చేరిన పిమ్మటనే నిజమైన వెల తేలును. ఒక సంగతి జ్ఞాపకముంచుకొనవలెను. 2025 సెప్టెంబరు 22వ తేదీనుండి సరకు బండ్లపై జి.యస్.టి. నూటికి 28 వంతులనుండి 18 వంతులకు తగ్గింపబడినది. కావున అంతకుముందు అచ్చయిన వెలల పట్టికలను నమ్మి బేరమాడరాదు. 2025 జూనులో ఏస్ ప్రో అను కొత్త బండి, పెట్రోలుతో నడచునది, 3 లక్షల 99 వేలకు విడుదలయినది. ఆ బండియే విద్యుత్తుతో నడచు రకమునకు నాడు చెప్పిన వెల 6 లక్షల 50 వేలు. ఒకే పేరు గల బండికే యింత భేదమున్నప్పుడు, పేరు చూచి కాక రకము చూచి వెల యడుగవలెను.

వెలకంటె మోసపుచ్చునది వడ్డీ. అప్పిచ్చువారు "నూటికి పది" యని చెప్పినప్పుడు అది ఏ విధమైన పదియో యడిగి తెలిసికొనవలెను. 4 లక్షలు నాలుగేండ్ల గడువుపై తీసికొనినా మనుకొందము. మొదటి మొత్తముపైననే నాలుగేండ్లును వడ్డీ కట్టు పద్ధతిలో వడ్డీ 1 లక్ష 60 వేలగును. నెలకు 11,667 రూపాయలు చెల్లింపవలెను. తీరిన యసలు పోగా మిగిలినదానిపైననే వడ్డీ కట్టు పద్ధతిలో నెలకు సుమారు 10,145 రూపాయలు. మొత్తము వడ్డీ సుమారు 87 వేలు మాత్రమే. రెండింటను చెప్పిన మాట "పది"యే. భేదము 73 వేలు. దుకాణమున బండి వెలలో ఐదువేలు తగ్గించుకొంటిమని సంతసించి, అప్పు పత్రముపై నీ సొమ్మును పోగొట్టుకొనుట వివేకము కాదు.

రూపము

రూపమనగా రంగును మెరుగును మాత్రమే కాదు. బండి యాకారమునుబట్టి దాని పనితనము మారును. ఏస్, సూపర్ క్యారీ వంటి బండ్లలో ఇంజను డ్రైవరు కూర్చుండు పీఠము క్రింద నుండును. ముందు ముక్కు లేనందున బండి పొడవు తక్కువైనను తొట్టికి సుమారు ఏడడుగుల పొడవు దొరకును. ఇరుకు సందులలోను, మార్కెట్టు యార్డులో లారీల నడుమను సులభముగా మలుపు తిరుగును. తొట్టి నేలకు తక్కువ యెత్తున నుండుటచే బుట్టలనెత్తు కూలీలకు శ్రమ తగ్గును. అయితే వేసవిలో ఇంజను వేడి డ్రైవరునకు తగులుట, ఢీకొన్నప్పుడు కాళ్లకు ముందు రక్షణ తక్కువగుట వీని లోపములు.

బొలేరో పికప్ వంటి బండ్లలో ఇంజను బానెట్టు క్రింద ముందుండును. మరమ్మతు సులభము; గుంతలు పడిన మట్టి దారిలో నిబ్బరముగా పోవును; చూచుటకు దర్జాగా నుండును. కాని బండి పొడవు, బరువు, వెల పెరుగును. ఏటి దారిన, చెరువుకట్టపైన, వానకాలపు బురదలో తిరుగవలసిన రైతునకు నేలకును బండి క్రింది భాగమునకును నడుమనుండు ఎడము ముఖ్యము. తారు రోడ్డు ప్రక్కనే పొలమున్నవానికి తొట్టి పొడవు ముఖ్యము. అద్దములపై బొమ్మలు, వెండిరంగు పట్టీలు మొదలగు అలంకారములు ఏ బస్తాను మోయవు. వానికై యధికముగా నడుగు సొమ్మును టైర్లకును టార్పాలినుకును వినియోగించుట మేలు.

ఇంధన వ్యయము

కంపెనీలు ప్రకటించు మైలేజి పరీక్షాశాలలో, నిర్ణీత వేగమున కొలిచినది. మన దారిలో నిండు భారముతో ఎత్తుపల్లములెక్కుచు, సంతలో ఆగుచు పోవునప్పుడు అంత రాదు. అయినను రెండు బండ్లను పోల్చుటకు ఆ యంకెలు కొంత యుపకరించును.

రైతు చూడవలసినది కిలోమీటరునకు ఖర్చు కాదు, బుట్టకు ఖర్చు. ఉదాహరణమునకు మార్కెట్టు 40 కిలోమీటర్ల దూరమున నున్నదనుకొందము. పోయి వచ్చుటకు 80 కిలోమీటర్లు. టమాట క్రేటు 25 కిలోలు. చిన్న బండి 750 కిలోలు, అనగా 30 క్రేట్లు మోయుచు లీటరునకు 16 కిలోమీటర్లు పోవుననియు, పెద్ద బండి 1,250 కిలోలు, అనగా 50 క్రేట్లు మోయుచు 12 కిలోమీటర్లు పోవుననియు, ఇంధనము లీటరు 100 రూపాయలనియు భావింతము. ఒక తడవకు చిన్న బండికి 500, పెద్ద బండికి 667 రూపాయలు పట్టును. సరకు 30 క్రేట్లే యున్నచో క్రేటునకు చిన్నదానిలో 17, పెద్దదానిలో 22 రూపాయలు. 50 క్రేట్లున్నచో పెద్ద బండిలో క్రేటునకు 13 రూపాయలే. చిన్న బండి రెండు తడవలు పోవలసివచ్చి క్రేటునకు 20 రూపాయలు పడును. మైలేజి తక్కువ గల బండియే యిచ్చట లాభకరమైనది! కావున దినమునకు మనకెంత సరకు వచ్చునో తెలియక మైలేజి మాట యెత్తుట నిష్ప్రయోజనము.

ఇక ఏ యింధనము మంచిది? 2020 ఏప్రిలునుండి బి.యస్.6 నిబంధనలు వచ్చిన పిమ్మట చిన్న డీజిలు ఇంజనులకు పొగను శుద్ధిచేయు పరికరముల ఖర్చు పెరిగినది. మారుతీవారు డీజిలును పూర్తిగా మానివేసిరి. అందుచే చిన్న బండ్లలో పెట్రోలు, సి.యన్.జి. గ్యాసు రకములు ప్రబలినవి. 2023 ఏప్రిలులో సూపర్ క్యారీ పెట్రోలు రకమునకును గ్యాసు రకమునకును వెలలో సుమారు 85 వేల భేదముండెను. ఈ భేదము ఎప్పటికి తీరును? పెట్రోలు లీటరు 105 రూపాయలు, లీటరునకు 15 కిలోమీటర్లు. గ్యాసు కిలో 95 రూపాయలు, కిలోకు 20 కిలోమీటర్లు అనుకొన్నచో, కిలోమీటరునకు 7 రూపాయలకు బదులు 4 రూపాయల 75 పైసలగును. మిగులు 2 రూపాయల 25 పైసలు. 85 వేలు తిరిగి వచ్చుటకు సుమారు 38 వేల కిలోమీటర్లు తిరుగవలెను. ఏటా 200 దినములు, దినమునకు 80 కిలోమీటర్లు తిరుగువానికి రెండున్నర యేండ్లలోపల తీరును. పంటకాలమున 60 దినములు మాత్రమే తిరుగువానికి దాదాపు ఎనిమిదేండ్లు పట్టును. గ్యాసు నింపు బంకు దారిలో లేక ప్రక్కకు పోవలసియుండినచో ఈ మిగులును పోవును. గ్యాసు సిలిండరు బరువుచే మోయదగిన సరకు కొంత తగ్గుననియు మరువరాదు.

భారమును గూర్చి యొక హెచ్చరిక

"ముప్పాతిక టన్ను బండిలో టన్నున్నర వేసితిమి, ఏమియు కాలేదు" అని గొప్పగా చెప్పుకొనువారు కలరు. కమాను పట్టీలు వంగుట, టైర్లు పగులుట, బ్రేకు వేసినను బండి యాగకుండుట ఆ గొప్పకు ఫలములు. 2019 సవరణ తరువాత మోటారు వాహనముల చట్టము ననుసరించి యధిక భారమునకు 20 వేల రూపాయల జుల్మానాయు, ఎక్కువైన ప్రతి టన్నునకు మరి 2 వేలును విధింపబడును. సరకుతో ఆ సరకు యజమానిగాని, ఆయన ప్రతినిధిగాని పోవచ్చును. కాని తొట్టిలో కూలీలను, పెండ్లివారిని ఎక్కించుకొని పోయినప్పుడు ప్రమాదము జరిగినచో భీమా కంపెనీ బాధ్యత లేదనవచ్చును, నష్టపరిహారమంతయు యజమానిపై పడవచ్చును. ఒక పొలమంతయు దానికి చాలకపోవచ్చును. డ్రైవరు విషయమున మాత్రము ఒక సౌకర్యము గలదు. 2024 నవంబరు 6వ తేదీన సుప్రీము కోర్టు రాజ్యాంగ ధర్మాసనము, తేలిక మోటారు బండి లైసెన్సు గలవాడు 7,500 కిలోలకు మించని సరకు బండిని నడుపవచ్చునని తీర్పు చెప్పినది.

ఎవరు కొనవలెను?

తుదకు తేలవలసిన ప్రశ్న యిది. బాడుగ బండికి తడవకు 1,800 రూపాయలు ఇచ్చుచున్నామనుకొందము. సొంత బండికి ఇంధనము 500, డ్రైవరునకు 500, టైర్లు, నూనె, మరమ్మతులకు 200, మొత్తము 1,200. తడవకు మిగులు 600. పైన చెప్పిన మేలైన వడ్డీ పద్ధతిలో ఏటా కట్టవలసిన వాయిదాలు సుమారు 1 లక్ష 22 వేలు. భీమా, పన్ను మొదలగువానికి 28 వేలు. వెరసి 1 లక్ష 50 వేలు. దీనిని 600 చే భాగించిన 250 తడవలు. అనగా ఏటా 250 తడవలు బండి నిండుగా తిరిగినగాని అప్పు తీరు నాలుగేండ్లలో సొంత బండి బాడుగ బండికంటె చౌక కాదు. మూడెకరముల కూరగాయల రైతునకు అన్ని తడవలు రావు. అట్టివాడు ఒంటరిగా కొన్నచో, అప్పు తీర్చుటకై పొలము విడిచి బాడుగలకు తిరుగవలసివచ్చును.

అయితే ఏటా 65 తడవలు గల నలుగురు రైతులు కలిసినచో 260 తడవలగును. ఒకరిది టమాట, మరియొకరిది వంగ, ఇంకొకరిది పాలు లేక పూలు అయినచో అందరి యవసరము నొకే దినమున రాదు. తడవల వరుసను వ్రాతపూర్వకముగా ముందే నిర్ణయించుకొని, ప్రతి తడవకు కొంత మొత్తమును మరమ్మతుల నిధిలో వేసికొన్నచో ఆ బండి నలుగురికిని ఉపకారియగును. సంఘమే కొని సభ్యులకు బాడుగకిచ్చు పద్ధతియు నిట్టిదే.

కావున బండి చూచుటకు పోవుటకు ముందు, గత సంవత్సరపు బాడుగ చీటీలను తీసి, తడవలెన్ని, బస్తాలెన్ని, ఇచ్చిన సొమ్మెంత యని యొక కాగితముపై వ్రాసికొనుడు. నిండు తొట్టితో, మీ యూరి దారిలోనే, ఒక లీటరు ఇంధనముతో ఎంతదూరము పోవునో నడిపి చూపుమని యడుగుడు. పైన వేసిన లెక్కలలోని ధరలు ఉదాహరణమునకు మాత్రమే. వానికి బదులు మీ యూరి ధరలను వేసి చూచుకొనుడు. లెక్క యనుకూలించినచో ధైర్యముతో కొనుడు. అనుకూలింపనిచో మరియొక యేడు బాడుగ బండితోనే సాగుట అవమానము కాదు. బండి మన సరకును మోయవలెను గాని, మనము బండి యప్పును మోయరాదు.