మడమ పగుళ్ళకు ఇంటి లేపనం - సుగంధ తైలం ఎంత వేయాలి?



విత్తనాల సంగతి, ఎరువుల సంగతి, తెగుళ్ళ సంగతి మనం ఎప్పుడూ చెప్పుకునేదే. ఈ పూట ఆ పైరు పండించే కాళ్ళను గురించి, చేతులను గురించి చెప్పదలచాను. కాగితం, పెన్సిలు దగ్గర పెట్టుకోండి. కొలతలు వస్తాయి.

వెలిగొండల వారన ఉన్న ఉదయగిరి, సీతారాంపురం, వరికుంటపాడు, మర్రిపాడు ప్రాంతమంతా మెట్ట. గరపనేల, గులకరాళ్ళు, అందులో చెప్పులు లేని నడక. ఆత్మకూరు వైపు సోమశిల నీరు పారే చోట్ల నాట్లప్పుడు పూటల తరబడి బురదలో నిలబడాలి. కలిగిరి, డి.సి.పల్లి చుట్టుపక్కల పొగాకు రెలుపులు వచ్చాయంటే చేతులకు పట్టిన ఆ నల్లటి జిగురు వదలదు. బట్టల సబ్బు పెట్టి, పీచు పెట్టి, ఒక్కోచోట ఇసుక పెట్టి కూడా రుద్దుతారు. జిగురుతోపాటు చర్మానికి ఉన్న కాస్త నూనె కూడా పోతుంది. సంక్రాంతి చలి నాటికి మడమలు బీటలు వారతాయి. వేళ్ళ కణుపులు చిట్లుతాయి. “కాలి పగులే కదయ్యా, దానికేముంది” అని ఊరుకుంటారు. చక్కెర జబ్బు ఉన్నవారు మాత్రం ఊరుకోకూడదు. వారిలో చాలామందికి పాదాల స్పర్శ తగ్గి ఉంటుంది. పగులు లోతుకు దిగి చీము పట్టినా నొప్పి తెలియదు. తెలిసేసరికి పుండు ముదిరి, వేలో పాదమో తీసివేయవలసిన పరిస్థితి రావచ్చును. కనుక పగులు చిన్నగా ఉన్నప్పుడే దాని సంగతి చూడాలి.

మడమే ఎందుకు పగులుతుంది? మన ఒంటి చర్మంలో చాలాచోట్ల సన్నని కొవ్వు గ్రంథులు ఉంటాయి. అవి ఊరించే జిడ్డు చర్మాన్ని మెత్తగా ఉంచుతుంది. అరచేతుల్లోను, అరికాళ్ళలోను ఈ గ్రంథులు లేవు. చెమట పడుతుంది గాని జిడ్డు ఊరదు. దానికితోడు మడమ చర్మం మందం, ఒంటి బరువంతా దానిమీదే. తేమ ఆరి బిగుసుకుపోయిన మందపు చర్మం బరువు పడగానే చిట్లుతుంది. ఎండిన చెరువు అడుగు నెర్రెలు విచ్చినట్టే అనుకోండి.

ఇప్పుడు అసలు విషయానికి వస్తాను. లేపనం చర్మానికి తేమను ఇవ్వదు. ఉన్న తేమను పోనీయకుండా కాపాడుతుంది. ఈ ఒక్క ముక్క తెలియకనే చాలామంది ఎండిన మడమకు ఎంతో నూనె రాసి “ఏమీ పని చేయలేదండీ” అంటారు. వాన పడి, నేల పదునెక్కిన తరువాత గుంటక తోలి తేమను నిలుపుకుంటాము గదా! బొత్తిగా ఎండిన చేలో గుంటక తోలితే తేమ ఎక్కడినుంచి వస్తుంది? లేపనం కూడా గుంటక వంటిదే. ముందు కాలు నానాలి, తరువాత లేపనం పడాలి.

కావలసిన వస్తువులు చెబుతాను. తేనెమైనం 40 గ్రాములు, కొబ్బరినూనె 100 గ్రాములు, నువ్వులనూనె 60 గ్రాములు. మొత్తం 200 గ్రాముల లేపనం అవుతుంది. అంటే మైనం ఒక పాలు, నూనెలు నాలుగు పాళ్ళు. కొబ్బరినూనె సుమారు 25 డిగ్రీల వేడికే కరిగిపోతుంది. మన నెల్లూరు ఎండల్లో అది ఎప్పుడూ నీళ్ళలాగే ఉంటుంది. తేనెమైనం కరగాలంటే 62 నుంచి 65 డిగ్రీలు కావాలి. అందుచేత ఎండాకాలంలో లేపనం గట్టిగా నిలబడేది మైనం బలంతోనే. చలికాలంలో 30 గ్రాముల మైనం చాలు, లేకుంటే వేలికి రాదు. కొబ్బరినూనెను నాటు వైద్యమని తీసిపారేయనక్కరలేదు. 2004లో ఫిలిప్పైన్స్‌లో పొడిచర్మం గల 34 మందిమీద పరీక్ష చేసి, కొబ్బరినూనె మినరల్ ఆయిల్‌కు దీటుగా పని చేసినట్టు ప్రకటించారు.

మైనం మాట. తేనె తీయడంలో మన జిల్లా యానాదుల నేర్పు తెలిసిందే. తేనె పిండుకున్న తరువాత మిగిలిన పట్టును చాలాచోట్ల పారవేస్తారు. అది పారవేసే వస్తువు కాదు. పట్టును ముక్కలు చేసి, నీళ్ళు పోసి, సన్నని సెగమీద కరిగించండి. పలుచని గుడ్డలో వడగట్టి, కదపకుండా రాత్రంతా ఉంచండి. తెల్లారేసరికి మైనం పైన బిళ్ళలాగా గడ్డకడుతుంది. అడుగున అంటిన మురికిని కత్తితో గీకివేసి, మళ్ళీ ఒకసారి కరిగించి వడగడితే పసుపుపచ్చని మంచి మైనం చేతికి వస్తుంది. తడి పూర్తిగా ఆరాలి. కొవ్వొత్తి ముక్కలు తెచ్చి మైనమని వేయకండి. వాటిలో రంగులు, ఇతర సరుకులు కలిసి ఉంటాయి.

చేసే పద్ధతి తేలిక. వెడల్పు గిన్నెలో నీళ్ళు కాగబెట్టి, అందులో చిన్న స్టీలు గిన్నె నిలిపి, అందులో మైనం, నూనెలు వేయండి. మైనం గిన్నెను నేరుగా పొయ్యిమీద పెట్టకూడదు. అది అంటుకుంటుంది. అంటుకున్న మైనంమీద నీళ్ళు పోస్తే మంట ఇంకా ఎగజిమ్ముతుంది. అలా జరిగితే పొయ్యి ఆర్పి, మూత పెట్టడమే మార్గం. మైనం కరిగేదాకా పొడి గరిటెతో తిప్పుతూ ఉండండి. మన ఉదయగిరి చెక్క గరిటెలు దేశమంతా పేరుపడ్డవి, వాటికంటె మంచిది ఏముంది? కాని తడి గరిటె పనికిరాదు. ఒక్క చుక్క నీరు కూడా లోపలికి పోకూడదు. నీరు చేరిన లేపనంలో బూజు, సూక్ష్మజీవులు పెరుగుతాయి. అంగడి క్రీముల్లో నీళ్ళుంటాయి గదా అంటారేమో. ఉంటాయి, అవి చెడకుండా మందులు కూడా కలుపుతారు. మన ఇంట్లో ఆ ఏర్పాటు లేదు. గులాబినీరు, కలబంద గుజ్జు కలిపి నిలవ ఉంచేవారు ఈ సంగతి గుర్తించాలి.

ఇక సుగంధ తైలం. అందరికీ సరదా దీనిమీదే, అసలు జాగ్రత్త కావలసింది కూడా దీని దగ్గరే. మడమను మెత్తబరచేది మైనం, నూనె. సుగంధ తైలం వాసనకు మాత్రమే. వేయకపోయినా లేపనానికి లోటు లేదు. వేయదలచుకుంటే రోషాగడ్డి తైలం గాని, నిమ్మగడ్డి తైలం గాని తీసుకోండి. ఈ 200 గ్రాములకు 20 చుక్కలు. అంతకు మించవద్దు. ఇంత కొంచెమేనా అనుకోకండి. వంద కిలోల పచ్చి నిమ్మగడ్డిని ఆవిరి పట్టి బట్టీ పెడితే అరకిలో తైలం రావడమే గొప్ప. సీసాలో ఉన్నది అంత గాఢమైన సరుకన్నమాట. నిమ్మగడ్డి తైలంలో ముక్కాలు వంతుదాకా సిట్రాల్ అనే పదార్థం ఉంటుంది. అది కొందరి చర్మానికి పడదు. నీరుకాచి సీసాలోంచి నేరుగా పూస్తే చర్మం మండిపోతుంది.

ఈ గడ్డి పైరులమీద మన దేశంలో చాలాకాలంగా పని జరుగుతున్నది. కేరళలోని ఓడక్కాలిలో 1951లో నిమ్మగడ్డికే పరిశోధన కేంద్రం పెట్టారు. 1959లో మొదలైన, లక్నోలోని ఔషధ, సుగంధ మొక్కల సంస్థ, ఇప్పుడు సీమాప్ అంటున్నాము, దానికి హైదరాబాదు బోడుప్పల్‌లో కూడా కేంద్రం ఉన్నది. మెట్టలో ఈ పైరు వేయదలచిన రైతులు ముందు బట్టీ ఎక్కడుందో, తైలం కొనేవాడెవడో చూసుకుని తరువాత నారు తెచ్చుకోవాలి. అది వేరే ప్రసంగం.

తైలం కొనడం ఇష్టం లేకపోతే వట్టివేరు ఉన్నది. బాగా కడిగి, గలగలలాడేటట్టు ఎండబెట్టిన వేరును తుంచి నువ్వులనూనెలో వేసి, మూత పెట్టి వారం రోజులు ఎండలో ఉంచి వడగట్టండి. ఆ నూనెతోనే లేపనం చేసుకోండి. మన అవ్వలు తలనూనెకు చేసిన పనే ఇది. నా అభిప్రాయంలో సీసా తైలంకంటె మన ఇళ్ళకు ఇదే నప్పుతుంది.

ఇక్కడ ఒక పొరపాటు జరిగే వీలున్నది, కాస్త ఆగి చెబుతాను. నిమ్మగడ్డి వేరు, నిమ్మకాయ వేరు. గూడూరు, పొదలకూరు తోటల నిమ్మ మనకు చవక గనుక, తొక్క పిండి ఆ రసం, ఆ నూనె లేపనంలో కలుపుదామనిపిస్తుంది. కలపకండి. నిమ్మతొక్క నూనెలో ఎండతో కలిసి చర్మాన్ని కాల్చే పదార్థాలు ఉన్నాయి. పూసుకొని పొలానికి వెళితే ఒకటి రెండు రోజుల్లో ఎర్రబడి, బొబ్బలెక్కి, తరువాత నల్లని మచ్చలు పడతాయి. ఆ మచ్చలు వారాలు, ఒక్కోసారి నెలలు ఉంటాయి. నిమ్మకాయలు పిండిన చేతులతో ఎండలోకి పోయినవారికి వచ్చే మచ్చలు ఇవే. ఆవిరి పట్టి తీసిన నిమ్మ తైలానికి ఈ దోషం లేదు గాని, అంగడి సీసా ఏ రకమో మనకు తెలిసే దారి తక్కువ. కాబట్టి ఎండలో పని చేసేవారు నిమ్మకాయ తైలం జోలికే పోవద్దు.

కర్పూరం, నీలగిరి తైలం, పుదీనా తైలం వేసిన లేపనాన్ని పసిపిల్లలకు పూయరాదు. ముక్కు దగ్గర పూస్తే ఊపిరి ఇబ్బంది కలుగుతుంది. కర్పూరం గాని, నీలగిరి తైలం గాని మింగితే బిడ్డకు ఫిట్స్ వచ్చి ప్రాణంమీదకు రావచ్చును. తైలం సీసా మందుల పెట్టెలో, తాళం కింద ఉండాలి.

తైలం కలిపే సమయం కూడా చెప్పాలి. మైనం కరిగిన వెంటనే వేస్తే వేడికి ఎగిరిపోతుంది. గిన్నె దించి, గిన్నె పక్కను చేయి పట్టగలిగినంత చల్లారి, అంచులు తెల్లబడుతున్నప్పుడు వేసి నాలుగు తిప్పులు తిప్పి, ఆరిన సీసాల్లో పోయండి. మొదటిసారి మోచేతి లోపలి వైపు పప్పుగింజంత పూసి రెండు రోజులు చూడండి. దురదా, ఎరుపూ లేకపోతే వాడుకోవచ్చును.

వాడే పద్ధతి: రాత్రి పడుకోబోయేముందు గోరువెచ్చని నీళ్ళలో పావుగంట కాళ్ళు నాననివ్వండి. కాళ్ళు రుద్దే రాయితో మెల్లగా రుద్దండి. బ్లేడుతో, కత్తితో చెక్కడం మానండి. చక్కెర జబ్బు వారు రాయి కూడా వాడవద్దు, నీళ్ళ వేడిని కాలితో కాక మోచేతితో చూసుకోవాలి. తుడిచీ తుడవనట్టు అద్ది, ఆ చెమ్మమీదే లేపనం పూసి, పాత నూలుగుడ్డ చుట్టుకోండి. పూసిన కాళ్ళతో సిమెంటు నేలమీద నడిస్తే జారతారు, ముసలివారు మరీ జాగ్రత్త. వేళ్ళ సందులు బురదలో నాని తెల్లగా పాచిపోయి దురద పెడుతుంటే అక్కడ ఈ లేపనం పూయకండి. అక్కడ కావలసింది తేమ నిలపడం కాదు, ఆరబెట్టడం. నెత్తురు కారే పగులు, చీము, వాపు ఉంటే ప్రాథమిక ఆరోగ్య కేంద్రానికి వెళ్ళాలి.

మరొకటి. పురుగుమందు కొట్టబోయేముందు చేతులకు ఇది పూసుకుంటే రక్షణ అనుకోవద్దు. నూనె చేతి తొడుగుకు బదులు కాదు. పైగా నూనెలో కరిగే మందులు ఆ జిడ్డునే పట్టుకుని ఉంటాయి. పని అయి, సబ్బుతో శుభ్రంగా కడుక్కున్న తరువాతే పూసుకోవాలి.

ఈ శ్రమ పడలేనివారు వాజ్‌లైన్ డబ్బా కొనుక్కుని ఇదే విధంగా చెమ్మకాలిమీద పూసినా గుణం కనిపిస్తుంది. అందులో నామోషీ లేదు.

విస్తరణ కార్యకర్తలకు ఒక సూచన. ప్రసంగాలకంటె ప్రదర్శన మేలు గదా. ఒక చేలో సగానికి ఎరువు వేసి, సగం వదిలి చూపిస్తాము. ఇదీ అంతే. ఊళ్ళో అయిదారుగురు ఒప్పుకున్నవారి చేత రెండు కాళ్ళూ నానబెట్టించి, ఒక కాలికే లేపనం పూయించండి. పదిహేను రాత్రులు గడిచాక నలుగురి ముందు రెండు మడమలూ చూపించండి. చక్కెర జబ్బు వారిని ఈ ప్రదర్శనకు పెట్టకండి.

పొదుపు సంఘాల అక్కచెల్లెళ్ళు “చేసి అమ్ముకుందామా?” అని అడుగుతున్నారు. ఇంటికి చేసుకోవడం వేరు, అమ్మడం వేరు. అమ్మకానికి చేయాలంటే 1940 నాటి మందుల, సౌందర్య సాధనాల చట్టం, 2020 నిబంధనల ప్రకారం లైసెన్సు కావాలి. ఔషధ నియంత్రణ శాఖవారిని అడిగి తెలుసుకున్న తరువాతే డబ్బాలు కొనండి. ఇంట్లో చేసుకున్న దానికి మాత్రం చేసిన తేదీ రాసిన చీటీ అంటించండి. పొడి చేత్తో తీసుకుంటూ, ఎండ తగలని చోట ఉంచితే మూడు నాలుగు నెలలు వాడుకోవచ్చును. నూనె కంపు కొడితే పారవేయండి.