బోటు ఎక్కేముందు ఏటిని చూడండి
గోదావరి విహారానికి వెళ్లే తిరుపతి, చిత్తూరు జిల్లాల వారు తెలుసుకోవలసిన సంగతులు

తిరుపతి: స్వర్ణముఖిలో నీళ్లు పారుతున్నాయంటే చూడడానికి జనం వంతెన మీదకు వెళ్లే ప్రాంతం ఇది. చెరువు మొరవ పోయిందంటే ఊరంతా కట్ట మీదకు చేరుతుంది. మిగిలిన రోజుల్లో ఏరంటే ఇసకే. నీటి మీద తేలేది ఏదంటే ఇక్కడివారికి తెలిసింది తెప్ప ఒక్కటే. తిరుమల స్వామి పుష్కరిణి దగ్గరో, తిరుచానూరు పద్మసరోవరం దగ్గరో, కాణిపాకంలోనో తెప్పోత్సవం నాడు మెట్ల మీద నిలబడి దణ్ణం పెట్టుకోవడమే తప్ప, పడవ ఎక్కి ఏరు దాటే అవసరం ఇక్కడివారికి రాదు. ఈత కూడా వ్యవసాయ బావుల్లో నేర్చుకున్న పెద్దవారికే వచ్చు. ఆ బావులు ఎండి బోర్లు వచ్చిన తరువాత పుట్టిన పిల్లల్లో చాలామందికి అదీ రాదు.

అటువంటి వారే ఏటా గోదావరి బోట్లు ఎక్కుతున్నారు. తల్లిదండ్రుల అస్థికలు కలపడానికో, కార్తీక స్నానానికో, పెళ్లికో రాజమండ్రి వెళ్లే కుటుంబాలు ఈ రెండు జిల్లాల్లో తక్కువేమీ కాదు. కుప్పం, చిత్తూరు, తిరుపతి మీదుగా కాకినాడ వెళ్లే శేషాద్రి ఎక్స్‌ప్రెస్ ఎక్కితే నేరుగా గోదావరి వంతెన దాటి దిగవచ్చు. స్నానం అవుతుంది, కార్యం అవుతుంది. తిరుగు రైలుకు ఇంకా ఒక రోజు ఉంటుంది. 'ఇంత దూరం వచ్చాం, మళ్లీ ఎప్పుడొస్తామో, పాపికొండలు చూసిపోదాం' అని ఇంట్లో ఎవరో ఒకరు అంటారు. లాడ్జి దగ్గరో, రేవు దగ్గరో పది నిమిషాల్లో బేరం తెగుతుంది. మనిషికి టికెట్ ఎంత, భోజనంలో ఏం పెడతారు, పాటలు, డాన్సులు ఉంటాయా అన్న మూడు ప్రశ్నలతో ఎంపిక పూర్తవుతుంది. నది సంగతి ఎవరూ అడగరు.

మరచిపోరాని ఆదివారం

2019 సెప్టెంబరు 15, ఆదివారం. దేవీపట్నం మండలం కచ్చులూరు వద్ద గోదావరిలో 'రాయల్ వశిష్ఠ' అనే పర్యాటక బోటు మునిగిపోయింది. సిబ్బందితో కలిపి 77 మంది ఉన్న ఆ బోటులో ప్రాణాలతో బయటపడినవారు 26 మందే. తిరుపతి నుంచి వెళ్లినవారు కూడా ఆ బోటులో ఉన్నారు. నీటిలో కొట్టుకుపోతున్నవారిని ముందుగా ఆదుకున్నది దగ్గరలోని తూటుగుంట గ్రామస్థులు. తమ పడవలు వేసుకుని వెళ్లి వారు అందిన వారినందరినీ ఒడ్డుకు చేర్చారు. బోటును కాకినాడకు చెందిన ధర్మాడి సత్యం బృందం అక్టోబరు 22న గాని బయటకు లాగలేకపోయింది.

ఆనాడు గోదావరిలో సుమారు అయిదు లక్షల క్యూసెక్కుల వరద పోతున్నది. కచ్చులూరు వద్ద నది కొండల మధ్య ఇరుకై మలుపు తిరుగుతుంది. వెడల్పు తగ్గిన చోట నీరు లోతుగానూ, వడిగానూ పోతుంది. మలుపులో రాతికి కొట్టుకుని సుడులు తిరుగుతుంది. అక్కడివారు ఆ చోటును కచ్చులూరు మందం అంటారు. వేసవిలో అద్దంలా కనిపించే చోటే వరదలో బోటును తిప్పేస్తుంది. ఈ తేడా గోదావరి ఒడ్డున పుట్టినవారికి చెప్పనవసరం లేదు. ఇసక ఏళ్ల పక్కన పెరిగినవారికి చెప్పక తప్పదు.

ఏ విహారం ఎవరికి?

గోదావరి మీద విహారాలన్నీ ఒకటి కావు. రాజమండ్రి రేవుల నుంచి నగరం ఒడ్డునే కొద్దిసేపు తిప్పి తెచ్చే బోట్లు ఒక రకం. 1900లో రైళ్లకు తెరిచిన పాత హేవలాక్ వంతెన, 1974 నాటి రోడ్డు, రైలు వంతెన, ఆ తరువాత వచ్చిన ఆర్చి వంతెన, ఎదుట కొవ్వూరు గోష్పాద క్షేత్రం ఉన్న ఒడ్డు వీటిలో కనిపిస్తాయి. ముసలివారు, చంటిపిల్లలు ఉన్న కుటుంబానికి, అలవాటు లేనివారికి ఇది చాలు. మనసు మారితే ఒడ్డు దగ్గరలోనే ఉంటుంది.

పాపికొండల విహారం రోజంతా పట్టేది. రాజమండ్రి నుంచి రోడ్డు మార్గాన గండి పోచమ్మ గుడి వరకు వెళ్లి అక్కడ బోటు ఎక్కాలి. పోలవరం ప్రాజెక్టు పనుల వల్ల రేవు ఎగువకు మారింది. అక్కడి నుంచి దేవీపట్నం, కచ్చులూరు మీదుగా కొండల మధ్యకు వెళ్లి, పేరంటపల్లి శివాలయం చూపించి సాయంత్రానికి తిరిగి తెస్తారు. భద్రాచలం వైపు నుంచి వచ్చేవారు పోచవరంలో ఎక్కుతారు. ఈ దారి పొడవునా రెండు పక్కలా కొండలు, అడవి, అక్కడక్కడ చిన్న ఊళ్లు. ఆపద వస్తే కేకేసినా పలికే రేవు అన్నిచోట్లా ఉండదు. కనుక నగరం ఒడ్డున తిరిగే బోటుకు అడిగే ప్రశ్నలకంటె దీనికి ఎక్కువ అడగాలి.

మన తిరుపతి జిల్లాలోనే తడ, సూళ్లూరుపేట ప్రాంతంలో పులికాట్ సరస్సు ఉన్నది. చలికాలంలో ఫ్లెమింగోలను చూడడానికి వెళ్లేవారు అక్కడ పడవ షికారు కూడా చేస్తారు. సరస్సు చాలా చోట్ల మనిషి లోతు కూడా ఉండదని ధీమా పడతారు. కాని 2011 డిసెంబరు 25న తమిళనాడు వైపున, సరస్సు సముద్రంలో కలిసే దగ్గర పడవ తిరగబడి 22 మంది మరణించారు. లోతు తక్కువన్న మాట సరస్సు మొత్తానికి వర్తించదని దీనివల్ల తెలుస్తున్నది.

రేవులో చూడవలసినవి

మొదటిది నీటి రంగు. ఎర్రగా, బురదగా, కొమ్మలు, చెత్త కొట్టుకువస్తున్న నీరు కనిపిస్తే ఎగువన వరద ఉన్నట్టే. ఆ రోజు బోటు కదులుతున్నా ఎక్కకపోవడం మేలు. వరద రోజుల్లో అధికారులు పాపికొండల విహారాన్ని ఆపివేస్తారు. నవంబరు నుంచి వేసవి వరకు సాధారణంగా నది నెమ్మదిగా ఉంటుంది. వేసవిలో సాయంత్రపు గాలివాన భయం వేరే ఉన్నది. 2018 మే 15న మంటూరు దగ్గర గాలివానకు లాంచీ మునిగినప్పుడు తలుపులు మూసి ఉండడంతో లోపలివారు బయటకు రాలేక ప్రాణాలు పోగొట్టుకున్నారు. ఏసీ గది చల్లగా ఉంటుందని పోటీపడేవారు ఈ సంగతి గుర్తు పెట్టుకోవాలి. తెరిచి ఉన్న పక్కన కూర్చోవడం, బయటికి దారి ఎటున్నదో ఎక్కగానే చూసుకోవడం మంచిది.

రెండవది లైఫ్ జాకెట్. బోటులో జాకెట్లు ఉన్నాయా అని అడిగితే ఉన్నాయనే చెబుతారు. మనిషికి ఒకటి చొప్పున ఉన్నవా, పిల్లలకు పిల్లల కొలతవి ఉన్నవా, బెల్టులు, బకిల్స్ పనిచేస్తున్నవా అన్నది చేతితో చూసుకోవాలి. పెద్దల జాకెట్ చిన్నపిల్లకు తొడిగితే నీటిలో జాకెట్ పైకి తేలి పిల్ల కిందికి జారిపోతుంది. ఫొటో దిగేంతవరకు వేసుకుని, ఆపైన ఉక్కగా ఉందని విప్పి దిండులా కింద వేసుకోవడం చాలామందికి అలవాటు. బోటు ఒరగడం మొదలైన తరువాత జాకెట్ తొడుక్కునే వ్యవధి ఉండదు. ఒడ్డు దిగేదాకా ఒంటిమీద ఉంచుకోవాలి.

మూడవది జనం లెక్క. బోటు మీద ఎంతమందిని ఎక్కించవచ్చో రాసి ఉండాలి. ఎక్కేవారిని లెక్కపెట్టడానికి పెద్ద చదువు అవసరం లేదు. పేర్లు రాసుకోకుండా ఎక్కించే బోటు అయితే, రేపు ఏదన్నా జరిగితే ఎవరెవరు ఉన్నారో చెప్పగలిగేవారు కూడా ఉండరు.

నాలుగవది పై అంతస్తు. ఎత్తుగా వేసిన చెరకు బండి చిన్న గతుక్కే ఎలా ఒరుగుతుందో మన రైతులకు తెలుసు. బోటూ అంతే. బరువు పైకి పోయేకొద్దీ నిలకడ తగ్గుతుంది. 2009 సెప్టెంబరు 30న కేరళలోని తేక్కడిలో ప్రభుత్వ పర్యాటక సంస్థ వారి రెండంతస్తుల బోటు తిరగబడి 45 మంది మరణించారు. ఒడ్డున జంతువులు కనిపించాయని జనం ఒక పక్కకు రావడం, బోటు నిర్మాణంలోని లోపాలు అందుకు కారణాలుగా బయటపడ్డాయి. ప్రభుత్వ బోటు అన్న ఒక్క మాటతో నిశ్చింతగా ఉండరాదనీ, గైడు 'అటు చూడండి' అన్నప్పుడు అందరూ లేచి అటే పరుగెత్తరాదనీ దీనివల్ల నేర్చుకోవాలి.

అయిదవది అనుమతి. 1917 నాటి పాత చట్టం స్థానంలో కేంద్రం 2021లో తెచ్చిన దేశీయ జల నౌకల చట్టం ప్రకారం నదుల్లో తిరిగే యంత్రపు బోటుకు రిజిస్ట్రేషన్, తనిఖీ సర్టిఫికెట్, బీమా, నడిపేవారికి అర్హత పత్రం ఉండాలి. కచ్చులూరు ప్రమాదం తరువాత 2020లో రాష్ట్ర ప్రభుత్వం గండి పోచమ్మ, పేరంటపల్లి, పోచవరం, రాజమండ్రి సహా తొమ్మిది చోట్ల కంట్రోల్ రూములు పెట్టింది. బోటును, ప్రయాణికుల జాబితాను చూసి పంపే బాధ్యత వాటికి అప్పగించారు. కనుక 'ఈ బోటుకు కంట్రోల్ రూమువారు ఈ రోజు అనుమతి ఇచ్చారా' అని అడగడం ప్రయాణికుడి హక్కు. 2017 నవంబరు 12న, కార్తీక ఆదివారం నాడు, ఇబ్రహీంపట్నం పవిత్ర సంగమం వద్ద కృష్ణలో మునిగిన ప్రైవేటు బోటుకు అనుమతి లేదు. ఆ ప్రమాదంలో ఇరవై మందికి పైగా మరణించారు. వారిలో ఎక్కువమంది ఒంగోలు నుంచి విహారానికి వచ్చినవారు. రేవు పక్కన నిలబడి తక్కువ రేటు చెప్పి పిలిచేవారి వెంట వెళ్లేముందు ఈ సంగతి ఒక్కసారి తలచుకోవాలి.

చివరిది వంట. బోటులోనే గ్యాస్ పొయ్యి వెలిగించి వేడివేడిగా వడ్డిస్తామని చెప్పడం ఆకర్షణ కావచ్చు. 2018 మే 11న దేవీపట్నం మండలంలోనే ఒక పాపికొండల బోటుకు మంటలు అంటుకున్నాయి. సరంగు బోటును ఒడ్డుకు చేర్చడంతో ప్రయాణికులంతా ప్రాణాలతో బయటపడ్డారు. ఒడ్డున వండి తెచ్చిన చల్లటి పులిహోరతో సరిపెట్టుకుంటే పోయేదేమీ లేదు.

వెనక్కి రావడమే కష్టం

పై ప్రశ్నలన్నీ అడగడానికి పావుగంట చాలు. అసలు కష్టం ఆ తరువాత ఉన్నది. ఒక రాత్రి రైలులో కూర్చుని, లాడ్జికి డబ్బు కట్టి, పదిమంది బంధువులను వెంటబెట్టుకుని, తెల్లవారక ముందే లేచి బస్సులో రేవుకు చేరిన ఇంటి పెద్ద, నీటిని చూసి 'ఈ రోజు వద్దు' అనగలగాలి. పిల్లలు ఏడుస్తారు. బావమరిది నవ్వుతాడు. టికెట్ డబ్బు పోయిందని ఇంటావిడ నొచ్చుకుంటుంది. మిగిలిన జనం ఎక్కి కూర్చుని, ఎక్కనివారిని పిరికివారిగా చూస్తారు. ఇన్నింటిని తట్టుకోలేక, మనసులో శంక ఉన్నా ఎక్కేవారే ఎక్కువ. అందుకే టికెట్ కొనేముందే వాపసు షరతు అడిగి రసీదు తీసుకోవడం, తిరుగు రైలుకు ముందు ఇంకొక రోజు చేతిలో ఉంచుకోవడం, బోటు లేకపోతే ధవళేశ్వరంలో కాటన్ ఆనకట్ట, మ్యూజియం చూద్దామని ఇంట్లో ముందే చెప్పి ఉంచడం మంచిది. ఇంకో దారి ఉన్నప్పుడు వద్దనడం సులభం.

2027 జూన్, జూలై నెలల్లో గోదావరి పుష్కరాలు వస్తున్నాయి. రాయలసీమ నుంచి వేల కుటుంబాలు బయలుదేరుతాయి. అవి వానలు మొదలై గోదావరికి కొత్త నీరు వచ్చే రోజులు. స్నానానికి వెళ్లినవారు పాపికొండలను కూడా అదే ప్రయాణంలో చూసి రావాలనుకుంటే తొందరపడి బేరం కుదుర్చుకోరాదు. పుష్కరాలకు ప్రత్యేక రైళ్లు, బస్సులు వేసేటప్పుడే, ఏ రోజున బోట్లు తిరుగుతాయో, తిరగవో తెలిపే బోర్డును తిరుపతి, చిత్తూరు స్టేషన్లలోనూ, బస్టాండ్లలోనూ పెట్టిస్తే ఇక్కడి ప్రజలకు ఎంతో మేలు జరుగుతుంది.

నది ఎక్కడికీ పోదు. పాపికొండలు కార్తీకానికీ అక్కడే ఉంటాయి. జాకెట్ బెల్టు బిగించుకుని, తేట నీటి మీద, తగిన జనంతో వెళ్లినవారికి కొండల మధ్య ఆ ప్రయాణం జీవితమంతా గుర్తుండే ముచ్చట. వెళ్లిన వారందరూ తిరిగి వచ్చి ఆ ముచ్చట ఇంట్లో చెప్పుకోవాలి.