దేవద్రవ్యము: లెక్క చెప్పు ధర్మము

దేవునికి సమర్పించిన ద్రవ్యము దేవునిదే. కాని దాని ఆదాయవ్యయములను వ్రాయుట, భూములను కౌలునకిచ్చుట, నగలను భద్రపరచుట మనుష్యులే చేయవలసిన పనులు. అందుచేత ప్రతి దేవాలయమునందును, మఠమునందును, సత్రమునందును తనది కాని సొత్తును చేతనుంచుకొని కాపాడు వ్యక్తి యొకడుండును. అతనినే ధర్మకర్త యనుచున్నాము. అతడు దాతకును, సేవించు భక్తులకును, పుట్టబోవు తరములకును ఉత్తరవాది. ఈ బాధ్యతను మన పూర్వులు ధర్మకర్త మంచితనమునకే విడిచిపెట్టిరా, లేక దానికొక కట్టుబాటు నేర్పరచిరా యనునది విచారింపదగిన విషయము. ఇందుకు తిరుమల శాసనములు ముఖ్యమైన ఆధారములు.

శాసనముల స్వరూపము

తిరుమల, తిరుపతి ఆలయములందలి శాసనములు వేయికి పైబడి యున్నవి. వీనిని దేవస్థానమువారు 1930 దశకమున సంపుటములుగా ప్రకటించిరి. వీనిలో అధికభాగము తమిళమున నున్నవి. తెలుగు, కన్నడ శాసనములును గలవు. క్రీస్తుశకము 15, 16 శతాబ్దులలో, విజయనగర ప్రభువుల కాలమున, చెక్కించినవే ఎక్కువ. రాజులు, రాణులు, దండనాయకులు, ఆచార్యులు, వర్తకులు దాతలుగా కన్పట్టుదురు.

ఈ శాసనములు దాతను ప్రశంసించుటతో ముగియవు. ఇవి నిజమునకు ఒడంబడికలు. ఆలయనిర్వాహకులైన 'స్థానత్తారులు' దాతకు శిలాశాసనము వ్రాసియిచ్చినట్లు వీనియందుండును. ఇంత ధనము శ్రీభండారమునకు ముట్టినదనియు, దీనితో దేవుని గ్రామములలో కాలువలు, చెరువులు త్రవ్వింతుమనియు, ఆ నీటివలన పెరిగిన పంటతో ఫలానా దినములందు ఫలానా నైవేద్యము జరిపింతుమనియు వారు ఒప్పుకొందురు. బియ్యము, నెయ్యి, పెరుగు, బెల్లము, తాంబూలము మొదలగువాని పరిమాణములు గూడ అందు చెప్పబడును. బియ్యమును కొలుచు పాత్రకు సైతము స్వామిపేరే పెట్టబడియుండెను. కొలత నిర్ణయమైనచోట కొరత వెంటనే తెలియును.

ఇచట ఒక ఆర్థిక సూక్ష్మము గమనింపదగినది. సమర్పించిన ధనమును నేరుగా నైవేద్యములకే వెచ్చించినచో కొలదికాలములో నది తరిగిపోవును. చెరువుగా మారిన ధనము ఏటేట పంట నిచ్చును, మూలము చెడదు, గ్రామమున సాగుబడి చేయువానికిని మేలు కలుగును. 'ఆచంద్రార్కము' అను మాట శాసనములందు అలంకారము మాత్రమే కాదు. ఆ మాట నిలుపుకొనుటకు వారు ఉపాయమును గూడ కల్పించుకొనిరి.

నాలుగు కట్టుబాట్లు

మొదటిది, అధికారము ఒక్కని చేతిలో నుండకపోవుట. స్థానత్తారులనగా తిరుపతి శ్రీవైష్ణవులు, తిరుచానూరు సభవారు, నంబులు, జియ్యర్లు మొదలగువారితో కూడిన సంఘము. జియ్యరుల బిరుదమే 'కోయిల్ కేళ్వి' అనునది. 'కేళ్వి' యనగా తమిళమున విచారణము. ఆలయవ్యవహారములను విచారించుట ఒక ప్రత్యేకపదవిగా నుండెనని దీనివలన తెలియుచున్నది.

రెండవది, వ్రాయువాని బాధ్యత. తమిళశాసనములు పెక్కింటి చివర, శ్రీవైష్ణవుల యానతిపై ఆలయపు కరణమైన తిరునిన్ఱవూరుడైయాన్ వ్రాసినదని యుండును. ఆజ్ఞ యెవరిదో, వ్రాత యెవరిదో రెండును తెలియుచున్నవి.

మూడవది, దాత భాగము. నివేదించిన ప్రసాదములో నాల్గవవంతు దాతకు, అతని యనంతరము అతని వారసులకు చెందుట ఆచారము. దీనిని 'విట్టవన్ విళుక్కాడు' అనిరి. అనగా నైవేద్యము ఆగిన దినముననే దాత కుటుంబమునకు ఆ సంగతి తెలిసిపోవును. ఇంతకంటె సులభమైన తనిఖీ మరియొకటి ఊహించుట కష్టము.

నాలుగవది, బహిరంగత. ఒడంబడిక పెట్టెలో దాగలేదు. నలుగురు నడుచు గోడపై నిలిచినది. శాసనాంతమున 'శ్రీవైష్ణవ రక్ష' అని వ్రాయుటచే భక్తసమూహమంతయు దానికి రక్షకులైరి. దానము చేయుటకంటె దానిని కాపాడుటయే అధికపుణ్యమని దానశాసనముల యందలి శ్లోకములు తెలుపు భావమును ఇదియే.

అయినను ఒక పరిమితిని మరువరాదు. శాసనము వాగ్దానమునకు సాక్ష్యము, ఆచరణకు కాదు. ఏటేట లెక్క అడుగువారు లేనిచో ఎంత పెద్ద వాగ్దానమైనను గోడకే పరిమితమగును.

చట్టముల కాలము

రాజాశ్రయము పోయిన పిమ్మట ఈ ప్రశ్న క్రొత్తరూపమున వచ్చినది. మద్రాసు రాజధానిలో 1817వ సంవత్సరపు 7వ రెగ్యులేషను ధర్మాదాయములపై పర్యవేక్షణమును రెవెన్యూ బోర్డున కప్పగించెను. ఆ తరువాత ప్రభుత్వము ఈ భారమును వదలించుకొన దలచెను. 1843లో తిరుమల ఆలయనిర్వహణము హాథీరాంజీ మఠము మహంతునకు చేరెను. 1863వ సంవత్సరపు 20వ చట్టము ప్రభుత్వజోక్యమును తొలగించినను, ఆలయమునందు ఆసక్తిగల ఎవరైనను ధర్మకర్తపై వ్యాజ్యము వేయవచ్చునని చెప్పెను. భక్తుడు లెక్క అడుగుట అధికప్రసంగము కాదు, హక్కు అని చట్టము ఒప్పుకొనినది. 1933లో తిరుమల పాలనము ప్రత్యేకచట్టము ననుసరించి దేవస్థానపు కమిటీకి వచ్చినది.

మఠాధిపతి ఆంగ్లన్యాయములోని ట్రస్టీ వంటివాడు కాకపోయినను, దుర్వినియోగమునకు అట్టివానివలెనే జవాబుదారి యని 1921లో ప్రీవీ కౌన్సిలు నిర్ణయించెను. ఉడిపి శిరూరు మఠపు వ్యాజ్యమున 1954లో సుప్రీము కోర్టు మతాచారమును, ఆస్తినిర్వహణమును వేరుచేసి చూపినది. ఆచారము సంప్రదాయస్థుల స్వేచ్ఛ. ఆస్తినిర్వహణము చట్టమునకు లోబడినది.

ప్రవాసాంధ్రులకు దీని ప్రయోజనము

తరతరములుగా పరప్రాంతములందు స్థిరపడిన మనవారికి ఈ విషయము మరింత ముఖ్యము. తమిళనాడున 1959వ సంవత్సరపు చట్టము, ఒడిశాలో 1951 నాటిది, కర్ణాటకమున 1997 నాటిది, యానాముతో గూడిన పుదుచ్చేరిలో 1972 నాటిది దేవాలయ ధర్మాదాయములకు సంబంధించినవి. మహారాష్ట్రమున 1950వ సంవత్సరపు సార్వజనిక ధర్మనిధుల చట్టము ననుసరించి సంస్థలు నమోదై తనిఖీ చేయించిన లెక్కలను సమర్పింపవలెను. ఒక రాష్ట్రమున నున్న బంధువుల సంస్థను చూచి మరియొక రాష్ట్రమున నడచుకొనుట చాలదు. తమ సంస్థకు ఏ చట్టము వర్తించునో ముందుగా తెలిసికొనవలెను.

వీనికంటె సూక్ష్మమైన అపాయము మరియొకటి గలదు. తాతలు వ్రాయించిన దానపత్రము తెలుగులో నుండి, మనుమలకు తెలుగు చదువ రాకపోయినచో, దాత యుద్దేశమును చెప్పువారు లేకపోవుదురు. ఏ భూమి అన్నదానమునకో, ఏ యద్దె విద్యార్థులకో తెలియనప్పుడు దుర్బుద్ధి లేకయే ధర్మము దారితప్పును. కావున దానపత్రములకు స్థానికభాషలోను తెలుగులోను ప్రతులుంచవలెను. భూముల సర్వే సంఖ్యలు, నగల తూకములు, కౌలు గడువులు ఒకే పట్టికలో చేర్చి, ఆ ప్రతిని ధర్మకర్తకు వెలుపల గూడ భద్రపరచవలెను. ఒక ప్రయోజనమున కిచ్చిన విరాళమును వేరొకదానికి వాడరాదు.

ఉగాదినాడు పంచాంగశ్రవణమునకు చేరినచోట ఆదాయవ్యయములను గూర్చి వినుట మనకు క్రొత్త కాదు. రాశుల ఆదాయవ్యయముల తరువాత ఆలయపు ఆదాయవ్యయములను గూడ చదివి వినిపించినచో, పిన్నలు తమ సంస్థ చరిత్రను, పెద్దలు తమ బాధ్యతను తెలిసికొందురు. యోగ్యుడైన ధర్మకర్తకు ఇది యనుమానముగా తోపదు. అతని నిజాయితీకి సభ యిచ్చు సాక్ష్యముగా నుండును.