ఉతికి ఆరేద్దామా, వాడి పారేద్దామా?

మా అమ్మాయికి ఏడో నెల వచ్చిన దగ్గర్నుంచీ ఇంట్లో ఒకటే చర్చ. "అమ్మా, గుడ్డ డైపర్లు వాడి చూద్దామా? లేకపోతే అందరిలాగే వాడి పారేసే ప్యాంట్లు కొనేసుకుందామా?" నేను పిల్లల్ని కన్న రోజుల్లో ఈ ప్రశ్నే లేదు. నెలలు నిండుతున్నాయనగానే మా అత్తగారు పెట్టె తెరిచి పాత పంచెలు, మెత్తబడ్డ నూలు చీరలు తీసి చింపేవారు. ఉచ్చగుడ్డలు సిద్ధం. ఇప్పటివాళ్లు ఎంచుకోవాలి. ఎంచుకునే ముందు తెలిస్తే బాగుంటుందని నేను పోగేసిన విశేషాలివి.

★

కొత్త నూలు గుడ్డ తడిని సరిగా పీల్చదు! పత్తి పీచు మీద పుట్టుకతోనే సన్నటి మైనపు పొర ఉంటుంది. దానికి తోడు నేతలో పడుగుకు పట్టించిన గంజి. నాలుగైదు ఉతుకులు పడితే గానీ ఈ రెండూ వదలవు. బిడ్డకు కొత్త బట్ట వద్దు, పాత పంచే కావాలని పెద్దవాళ్లు పట్టుబట్టడం వెనక పొదుపు ఒక్కటే కాదు, ఈ సంగతి కూడా ఉంది. ఇవాళ బజార్లో దొరికే నూలు డైపర్ల ప్యాకెట్ మీదా వాడే ముందు కొన్నిసార్లు ఉతకమనే రాసి ఉంటుంది. ఆ వాక్యం చదవకుండా మొదటిరోజే బిడ్డకు వేసి, పక్కంతా తడిసిందని విసుక్కుని మూలన పడేసినవాళ్లను నేనే ఇద్దరు ముగ్గుర్ని చూశాను.

★

'డైపర్' అనే మాట మొదట పిల్లలది కాదు. వజ్రాకారపు గళ్లు వరసగా వచ్చేలా నేసిన ఒక రకం బట్ట పేరు అది. ఆ బట్టను పిల్లలకు చుట్టడంతో పేరు అలా నిలిచిపోయింది. మనం 'పొత్తిళ్లలో బిడ్డ' అంటామే, ఆ పొత్తి కూడా పసిబిడ్డకు చుట్టే గుడ్డే.

★

డైపరుకు గుచ్చే పిన్నీసు 1849 నాటిది. అమెరికాలో వాల్టర్ హంట్ అనే ఆయన 15 డాలర్ల బాకీ తీర్చడానికి తీగను వంచుతూ కూర్చుని దాన్ని కనిపెట్టాడు. పేటెంట్ హక్కుల్ని 400 డాలర్లకు అమ్మేసుకున్నాడు.

★

1946. అమెరికాలోని కనెక్టికట్‌లో మేరియన్ డోనోవన్ అనే తల్లికి పక్కబట్టలు ఉతికి ఉతికి విసుగొచ్చింది. అప్పట్లో గుడ్డ పైనుంచి రబ్బరు ప్యాంటు తొడిగేవారు. తడి బయటికి రాదు కానీ గాలాడక బిడ్డ ఒళ్లు ఎర్రగా ఒరిసిపోయేది. ఆమె స్నానాల గదిలోని తెర పీకి, కత్తిరించి, కుట్టుమిషన్ మీద కవరు కుట్టింది. పిన్నీసుకు బదులు ప్లాస్టిక్ టిచ్ బటన్లు పెట్టింది. తయారీదారులు ఎవరూ పట్టించుకోలేదు. తనే తయారు చేయించి 1949లో న్యూయార్క్‌లోని ఒక పెద్ద దుకాణంలో అమ్మకానికి పెడితే జనం ఎగబడ్డారు. 1951లో ఆ హక్కులను 10 లక్షల డాలర్లకు అమ్మింది. ఆ తర్వాత ఇంకో ఆలోచనతో కాగితం కంపెనీల చుట్టూ తిరిగింది. తడి పైనే నిలవకుండా లోపలికి లాగేసే కాగితంతో, వాడి పారేసే డైపరు. 'ఇదెవరికి కావాలి?' అన్నట్టు పంపించేశారు.

ఇంచుమించు అదే కాలంలో బ్రిటన్‌లో వాలరీ హంటర్ గోర్డన్ అనే ఇంకో తల్లి, సైన్యం వాడిన పారాచూట్ నైలాన్‌తో కవర్లు కుట్టి లోపల పారేసే మెత్త పెట్టింది. దాని పేరు 'పాడీ'. ఇద్దరూ ప్రయోగశాలల్లో పనిచేసినవాళ్లు కాదు. ఉతకలేక అలసిపోయిన అమ్మలు. పారేసే డైపర్ల మీద ఎవరు మండిపడినా నాకు ముందు వీళ్లే గుర్తొస్తారు.

★

1961లో వాడి పారేసే పాంపర్స్ డైపర్లను మొదటిసారి అమ్మి చూసిన ఊరు ఇల్లినాయి రాష్ట్రంలోని పియోరియా. మనవల గుడ్డలు మార్చడం నచ్చని విక్టర్ మిల్స్ అనే ఇంజనీరు ఆ ప్రయత్నానికి మూలం. అదే ఏడాది మే 5న అంతరిక్షానికి బయలుదేరిన మొదటి అమెరికన్ అలన్ షెపర్డ్‌కు మాత్రం డైపరు లేదు. ప్రయోగం గంటల తరబడి ఆలస్యమై, సూటులోనే పోసుకోవాల్సి వచ్చింది.

★

పియోరియాకు ఇంకో విశేషం ఉంది. అక్కడి ప్రభుత్వ వ్యవసాయ పరిశోధనశాలలోనే మొక్కజొన్న పిండితో నీళ్లను విపరీతంగా పీల్చే పదార్థం ఒకటి తయారైంది. దానికి 'సూపర్ స్లర్పర్' అని ముద్దుపేరు. దాని బంధువే ఇప్పటి డైపర్లలో ఉండే సోడియం పాలీయాక్రిలేట్. పంచదార పలుకుల్లా కనిపిస్తుంది. మంచినీళ్లయితే తన బరువుకు వందల రెట్లు పీల్చి జెల్లీలా ఉబ్బుతుంది. ఉప్పున్న నీళ్లను మాత్రం అంతగా పీల్చలేదు. మూత్రంలో ఉప్పు ఉంటుంది కాబట్టి డైపర్లో దాని బలం బాగా తగ్గుతుంది. కావాలంటే కొత్త డైపరు చించి, ఆ పలుకుల్ని గిన్నెలో వేసి నీళ్లు పోయండి. ఉబ్బాక చెంచాడు ఉప్పు చల్లితే జెల్లీ కరిగి నీరు కారిపోతుంది. పిల్లల చేతికి మాత్రం ఇవ్వకండి.

ఇదే సూత్రంతో ఢిల్లీలోని భారత వ్యవసాయ పరిశోధన సంస్థ 'పూసా హైడ్రోజెల్' తయారు చేసింది. మెట్ట పొలాల్లో వేళ్ల దగ్గర తడి నిలపడానికి.

★

జపాన్ కంపెనీ యూనిచార్మ్ డైపర్లు మన తిరుపతి జిల్లా శ్రీసిటీలోనే తయారవుతున్నాయి.

★

గుడ్డ మీద పచ్చటి మరక ఎంత ఉతికినా పోదు. ఎండలో తడిగా ఆరేయండి, వెలిసిపోతుంది. తల్లిపాలు తాగే బిడ్డ మలానికి ఆ పసుపు రంగునిచ్చేది ముఖ్యంగా బిలిరుబిన్. వెలుగు దాని రూపాన్నే మార్చేస్తుంది. ఈ బిలిరుబినే ఒంట్లో పేరుకుపోతే పసిబిడ్డ ఒళ్లు పచ్చబడుతుంది. 1956లో ఇంగ్లండ్‌లోని రాచ్‌ఫర్డ్ ఆసుపత్రిలో జీన్ వార్డ్ అనే నర్సు, ఎండలోకి తీసుకెళ్లిన బిడ్డకు ఎండ తగిలిన చోట పసుపు తగ్గి, దుప్పటి కప్పిన చోట అలాగే ఉండిపోవడం గమనించి డాక్టర్లకు చూపించింది. ఆసుపత్రుల్లో ఇప్పుడు నీలికాంతి కింద పిల్లల్ని పడుకోబెట్టే వైద్యానికి బీజం అక్కడే పడింది. దండెం మీద గుడ్డకూ, దీపం కింద బిడ్డకూ పనిచేసేది వెలుగే. చీర మీద పడ్డ కూర పసుపు ఎండలో వెలిసిపోవడమూ ఇలాంటిదే. అలాగని బిడ్డ ఒళ్లు పచ్చబడితే ఇంట్లో ఎండకు పెట్టి ఊరుకోకండి, డాక్టరుకు చూపించాల్సిందే.

★

భూమికి ఏది మేలు? బ్రిటన్ పర్యావరణ శాఖ వాళ్లు 2008లో లెక్క తీశారు. ఒక బిడ్డకు రెండున్నరేళ్లకు పారేసే డైపర్ల వల్ల దాదాపు 550 కిలోల కార్బన్ వెలువడితే, గుడ్డవాటి వల్ల 570 కిలోలు. తేడా లేదన్నమాటే! అయితే ఆ 570 ఎక్కడిదో చూడాలి. మిషన్‌కు, నీళ్లు వేడిచేయడానికి, డ్రయ్యర్‌కు అయ్యే కరెంటుదే ఎక్కువ వాటా. ప్రతిసారీ డ్రయ్యర్‌లో ఆరబెడితే లెక్క ఇంకా 43 శాతం పెరుగుతుంది. ఆరుబయట ఆరేసి, మిషన్ నిండేదాకా ఆగి వేసి, అవే గుడ్డలు రెండో బిడ్డకూ వాడితే 40 శాతం తగ్గుతుంది. 2023లో వచ్చిన కొత్త లెక్కలో గుడ్డవాటిదే పాతిక శాతం మేలని తేలింది.

మనకు ఏడాదిలో చాలా నెలలు ఎండ ఉచితం. బ్రిటన్ లాంటి చలిదేశపు తల్లి కంటే మనకున్న పెద్ద ఆస్తి ఇదే. నీళ్ల సంగతి వేరు. ట్యాంకరు కొనుక్కుని, బకెట్లు లెక్కపెట్టుకునే ఇంట్లో తల్లి పారేసేవి వాడితే ఆమెను ఎవరూ ఒక్క మాట కూడా అనకూడదు.

★

నోటి లెక్క: రోజుకు ఆరు చొప్పున రెండేళ్లకు 4,380 డైపర్లు. ఒక్కోటి 10 రూపాయలనుకుంటే 43,800. గుడ్డవి 20 కొని, ఒక్కోటి 400 అనుకుంటే 8,000. సబ్బు, నీళ్లు, కరెంటు కలుపుకున్నా తేడా పెద్దదే. పాత పంచె అయితే అది కూడా అక్కర్లేదు.

★

చర్మం ఒరుసుకుపోవడానికి తడి ఒక్కటే కారణం కాదు. మలమూత్రాలు కలిసి నిలిస్తే మూత్రంలోని యూరియా అమ్మోనియాగా మారుతుంది, దాంతో మలంలోని ఎంజైములు చురుకై చర్మాన్ని తినేస్తాయి. అందుకే గుడ్డదైనా కొన్నదైనా దొడ్డికి వెళ్లగానే మార్చాలి. తడి విషయంలో మాత్రం జెల్ డైపరుదే పైచేయి. రాత్రి బిడ్డ తడి లేకుండా పడుకుంటుంది, తల్లికీ కంటినిండా నిద్ర. బాలింతకు నిద్ర చిన్న విషయం కాదు. టాల్కం పౌడరు మాత్రం చల్లకండి, ఆ పొడి బిడ్డ ఊపిరితిత్తుల్లోకి వెళ్తుంది.

★

కాళ్లు చాపుకుని కూర్చుని, పాదాల మీద బిడ్డను కూర్చోబెట్టి 'స్స్‌స్' అనడం తెలియని నాయనమ్మ ఉందా? ఆ చప్పుడుకు, ఆ కూర్చునే తీరుకు బిడ్డ అలవాటు పడుతుంది. ఇదే పద్ధతికి అమెరికాలో ఇప్పుడు పేరు పెట్టి పుస్తకాలు రాస్తున్నారు. అక్కడ 1962లో బ్రేజల్టన్ అనే పిల్లల డాక్టరు, బిడ్డ తనకై తాను సిద్ధమయ్యేదాకా ఈ అలవాటు చేయకుండా ఆగమని రాశారు. ఆయన చూసిన 1,170 మంది పిల్లలు పగటిపూట డైపరు మానిన సగటు వయసు 28 నెలల పైమాటే. చాలా ఏళ్ల తర్వాత ఆయనే పాంపర్స్ ప్రకటనలోనూ కనిపించారు. తొందరపెట్టి బిడ్డను ఏడిపించమని నేననను. తడి తగిలితే బిడ్డకు తెలుస్తుంది, ఆ తెలియడం మంచిదని మాత్రం అంటాను.

★

వాడిన డైపర్లను పొట్లం కట్టి, తడిచెత్తలో కలపకుండా వేయాలని ఘన వ్యర్థాల నియమాలు 2016లోనే చెప్పాయి. పొట్లానికి కవరు ఇవ్వడం గురించి తయారీదారులకూ అవే నియమాలు చెప్పాయి. కాలవలో వేస్తే ఆ జెల్ ఉబ్బి అడ్డం పడుతుంది. చెత్తబండి దగ్గర విడిగా ఉన్న డైపరును చేత్తో తీసేది ఒక మనిషి. దాన్ని విసిరేసే ముందు ఆ చెయ్యి గుర్తుకు రావాలి.

★

జపాన్‌లోని కిటాక్యూషు విశ్వవిద్యాలయం పరిశోధకులు వాడిన డైపర్లను శుభ్రం చేసి, ముక్కలు చేసి, ఇసుకలో కొంత భాగానికి బదులు కాంక్రీటులో కలిపి ఇండోనేషియాలో 36 చదరపు మీటర్ల ఇల్లు కట్టి చూపించారు. 2023 మాట ఇది.

★

ఇక ఉతికే కిటుకులు. మలం గుడ్డను ముందు చన్నీళ్లలో జాడించాలి, వేడినీళ్లు పోస్తే మరక పట్టేస్తుంది. బట్టలకు మెత్తదనమిచ్చే కంఫర్ట్ లాంటివి వాడకూడదు. అవి నూలు మీద పొరలా పేరుకుని పీల్చే గుణాన్ని చంపేస్తాయి. ఉప్పు బోరు నీళ్లలో సబ్బు సరిగా వదలదు. ఉతికిన గుడ్డ తడవగానే ఘాటైన కంపు కొడుతుంటే అదీ ఒక కారణం. అలాంటప్పుడు ఇంకో రెండు నీళ్లు ఎక్కువ జాడించాలి.

అన్నిటికంటే ముందు తేల్చుకోవాల్సింది, ఉతికేది ఎవరు? 'గుడ్డలే మంచివి' అని ఇంటిల్లిపాదీ తీర్మానించి, బకెట్టు మాత్రం పచ్చి బాలింత ముందో, పని చేయడానికి వచ్చే అమ్మాయి ముందో పెట్టడం నేను చాలా ఇళ్లలో చూశాను. అలాగైతే ఆ తీర్మానమే వద్దు.

★

మా ఇంట్లో చివరికి పగలు గుడ్డవి, రాత్రి, ప్రయాణాల్లో కొన్నవి అనుకున్నాం. మొదట ఆరే తెచ్చాం, నచ్చితే ఇంకొన్ని. ఉతికే పని అల్లుడు తీసుకున్నాడు. ఇప్పటికి మూడుసార్లు ఉతికి డాబా మీద ఆరేశాడు. పుట్టేలోపు ఇంకో రెండు ఉతుకులు పడాలి.