లెక్కకు ముందు పేర్ల సరిపోలిక

2016 అక్టోబరు పునర్విభజనలో, అంతవరకు సరూర్‌నగర్ మండలంలో ఉన్న బాలాపూర్ ప్రత్యేక మండలమైంది. రంగారెడ్డి జిల్లా కూరగాయల దిగుబడులను మండలాలవారీగా విశ్లేషించే విద్యార్థి ఈ మార్పును గమనించాలి. దిగుబడి పట్టికలో బాలాపూర్ ఉండి, సాగు విస్తీర్ణాల జాబితా పాతదైతే, ‘ఆర్’ భాషలోని మెర్జ్ ప్రమేయం ఆ మండలపు వరుసలను ఏ హెచ్చరికా లేకుండా వదిలివేస్తుంది. జిల్లా సగటు వస్తుంది. కాని అందులో బాలాపూర్ రైతు ఉండడు.

నివారణ సులభం. గణనకు ముందే, ప్రమేయానికి అందిన రెండు పేర్ల సమితులు సమానమా అని పరీక్షించాలి. సెట్‌ఈక్వల్ ఇరువైపులా అవే పేర్లు ఉన్నాయా అన్నదే చూస్తుంది, వరుసక్రమాన్ని పట్టించుకోదు. ఐడెంటికల్ వరుస మారినా తిరస్కరిస్తుంది. ‘ఇన్’ పరీక్ష ఒక దిశలోనే చూస్తుంది కనుక రెండవవైపు ఉన్న అదనపు పేరు బయటపడదు. సెట్‌ఈక్వల్‌ను స్టాప్‌ఇఫ్‌నాట్‌లో ఉంచితే, తేడా ఉన్నప్పుడు గణన అక్కడే ఆగుతుంది. సెట్‌డిఫ్‌ను రెండు దిశలలో ప్రయోగిస్తే ఏ పేరు ఎక్కడ లోపించిందో తెలుస్తుంది.

ఒక జాగ్రత్త అవసరం. విస్తీర్ణాల జాబితాలో ఒకే పేరు రెండుసార్లు ఉన్నా సెట్‌ఈక్వల్ అంగీకరిస్తుంది; మెర్జ్ మాత్రం ఆ మండలపు వరుసలను రెట్టింపు చేస్తుంది. కనుక ఎనీడూప్లికేటెడ్‌తో పునరుక్తిని విడిగా పరీక్షించాలి.

‘బాలాపూర్’, ‘బాలాపుర్’ కంప్యూటరుకు రెండు మండలాలు. తేడా ఉందని అది చెప్పగలదు. అక్షరదోషాన్ని సరిదిద్దాలా, పాత మండలంతో కలిపి చూడాలా అన్నది క్షేత్రం తెలిసిన శాస్త్రవేత్తే నిర్ణయించాలి.