నలభై ఏళ్ల ఉక్కు

అమెరికాలోని వాషింగ్టన్ రాష్ట్రంలో అనకోర్టెస్ అనే ఊరుంది. అక్కడి రిఫైనరీలో 1970ల తొలినాళ్లలో బిగించిన హీట్ ఎక్స్‌ఛేంజర్ ఒకటి దాదాపు 40 ఏళ్లు పనిచేసింది. రికార్డుల్లో దాని పేరు ఈ-6600ఈ. ఆ రిఫైనరీ మొదట షెల్ కంపెనీది, 1998 నుంచి టెసోరోది. 2010 ఏప్రిల్ 2న, అర్ధరాత్రి దాటిన అరగంటకు అది బద్దలైంది. ఆ మంటల్లో ఏడుగురు కార్మికులు ప్రాణాలు కోల్పోయారు.

దాని పని చాలా మామూలుది. ముడిచమురు నుంచి వచ్చే నాఫ్తాలోని సల్ఫర్‌ను తీసేయడానికి ఆ నాఫ్తాను హైడ్రోజన్‌తో కలిపి, వేడిచేసి, రియాక్టర్‌లోకి పంపుతారు. రియాక్టర్ నుంచి బయటికొచ్చే ప్రవాహం ఇంకా చాలా వేడిగానే ఉంటుంది. ఆ వేడిని వృథా చేయకుండా, లోపలికి వెళ్లే నాఫ్తాకు అందించేదే హీట్ ఎక్స్‌ఛేంజర్. ఇలాంటివి విశాఖ రిఫైనరీలోనూ ఉన్నాయి, జామ్‌నగర్‌లోనూ ఉన్నాయి.

హైడ్రోజన్ పరమాణువు ఎంత చిన్నదంటే వేడెక్కిన ఉక్కులోకి చొరబడిపోతుంది. అక్కడ ఉక్కుకు బలాన్నిచ్చే కార్బన్‌తో కలిసి మీథేన్‌గా మారుతుంది. మీథేన్ అణువు పెద్దది, వచ్చిన దారిన బయటికి పోలేదు. ఉక్కు రేణువుల సందుల్లో చిక్కుకుని ఒత్తిడి పెంచుతుంది. కంటికి కనపడని పగుళ్లు పుడతాయి, ఏళ్ల తరబడి ఒకదానితో ఒకటి కలుస్తాయి. చెదపట్టిన ద్వారబంధంలాగా పైకి అంతా గట్టిగానే కనిపిస్తుంది. తుప్పు పట్టి పలచబడితే మందం కొలిచి తెలుసుకోవచ్చు. ఈ జబ్బు తొలిదశలో మందం తగ్గదు. తనిఖీ నిపుణులకు కూడా ఒక పట్టాన దొరకదు.

మరి ఏ ఉక్కును ఎంత వేడి దాకా నమ్మవచ్చు? షెల్‌లో పనిచేసిన జార్జ్ నెల్సన్ 1949లో అందుకు రేఖలు గీశారు. పరిశ్రమలో ఎదురైన అనుభవాలే వాటికి ఆధారం. రేఖకు కింద ఉంటే క్షేమమని ప్రపంచమంతా నమ్మింది. అమెరికా కెమికల్ సేఫ్టీ బోర్డు దర్యాప్తులో తేలిందేమిటంటే, ఈ-6600ఈ ఉక్కు తన రకానికి గీసిన రేఖకు దాదాపు 67 సెల్సియస్ డిగ్రీల కింద కూడా దెబ్బతింది. పైగా అసలు ఉష్ణోగ్రత ఎంతో ఎక్స్‌ఛేంజర్ల మధ్య కొలిచే సాధనాలే లేవు. డిజైన్ అంచనాలనే నిజమనుకున్నారు.

నన్ను ఎక్కువగా కలచివేసేది యంత్రం ముసలిదవడం కాదు, దాని లీకులు అలవాటుగా మారడం. ఎక్స్‌ఛేంజర్లు రెండు వరుసల్లో ఉండేవి. లోపల మడ్డి పేరుకుంటే ఒక వరుసను ఆపి శుభ్రం చేసేవారు, రెండోది నడుస్తూనే ఉండేది. శుభ్రం చేసిన వరుసను మళ్లీ ఎక్కించేటప్పుడు ఫ్లాంజ్‌ల (బోల్టులతో బిగించిన అతుకుల) దగ్గర మండే ఆవిరి కారడం, దాన్ని అణచడానికి కార్మికులు నీటి ఆవిరి గొట్టాలు పట్టుకుని నిలబడటం మామూలైపోయింది. ఆ రాత్రీ అదే పని. నిబంధనల ప్రకారం బయట ఒక్క ఆపరేటర్ సరిపోవాలి, ఉన్నది ఏడుగురు. బద్దలైంది మాత్రం ఎక్కిస్తున్న వరుస కాదు, పక్కన నడుస్తున్నది.

క్రోమియం ఎక్కువ కలిపిన ఉక్కు ఈ హైడ్రోజన్ దాడిని బాగా తట్టుకుంటుంది. అది దశాబ్దాలుగా తెలిసిందే, ఖర్చు మాత్రం ఎక్కువ. 2016లో అమెరికన్ పెట్రోలియం ఇన్‌స్టిట్యూట్, వెల్డింగ్ తర్వాత వేడిచేసి సరిచేయని కార్బన్ స్టీల్‌కు విడిగా మరో రేఖ చేర్చింది. అది పాతదాని కంటే కింద ఉంది. ఈ-6600ఈ ఉక్కు ఆ కోవకే చెందుతుంది.